నెలలు నిండని బిడ్డకు తల్లిపాలే రక్ష



నెలలు తక్కువగా పుట్టిన బిడ్డ పది, పదిహేను రోజులు గడిచి కాస్త తేరుకున్నాడని ఇంటివారు అనుకునే వేళ ఒక్కోసారి పెద్ద గండం వస్తుంది. పొట్ట ఉబ్బుతుంది. పాలు అరగక పసరు రంగులో కక్కుతాడు. విరేచనంలో నెత్తురు పడుతుంది. బిడ్డ మగతగా పడి ఉంటాడు. డాక్టర్లు దీనిని నెక్రోటైజింగ్ ఎంటిరోకొలైటిస్ అంటారు. పేగు వాచి, కొంత భాగం చచ్చుబడిపోయే జబ్బు ఇది. కిలోన్నర కంటే తక్కువ బరువుతో పుట్టినవారికే ఎక్కువగా వస్తుంది. వారి పేగు ఇంకా ముదరదు, క్రిములను తట్టుకోలేదు.

ఈ జబ్బును నయం చేసే ప్రత్యేకమైన మందు లేదు. పాలు ఆపి, ముక్కు గొట్టంతో పొట్టలోని గాలి తీసి, నరం ద్వారా ఆహారం, యాంటీబయాటిక్ మందులు ఇస్తారు. పేగుకు చిల్లు పడితే ఆపరేషన్ తప్పదు. ఇంత చేసినా కొందరు దక్కరు.

మందు లేకపోయినా వ్యాపారం ఆగలేదు. నెలలు నిండని పిల్లలకు ప్రొబయోటిక్ మందులు పట్టే విషయంలో అమెరికా ఔషధ శాఖ 2023లో ఆస్పత్రులను హెచ్చరించింది. అలాంటి మందు దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని చెప్పింది. ఆవుపాలతో చేసిన డబ్బాపాల ప్రమాదం గురించి ముందుగా చెప్పలేదంటూ తల్లిదండ్రులు వేసిన దావాల్లో, 2024లో అక్కడి జ్యూరీలు మీడ్ జాన్సన్ కంపెనీ 6 కోట్ల డాలర్లు, అబాట్ కంపెనీ 49.5 కోట్ల డాలర్లు చెల్లించాలన్నాయి. కంపెనీలు మాత్రం తమ తప్పు లేదంటున్నాయి. అదే ఏడాది మరో జ్యూరీ కంపెనీల పక్షానే తీర్పు చెప్పింది.

కోర్టుల మాట ఎలా ఉన్నా, ఒక సంగతి ఏనాడో తేలింది. 1990లో ఇంగ్లండులో 926 మంది నెలలు నిండని పిల్లలపై జరిగిన పరిశీలన వెలువడింది. తల్లిపాలు మాత్రమే తాగినవారికంటే, డబ్బాపాలు మాత్రమే తాగినవారిలో ఈ జబ్బు 6 నుండి 10 రెట్లు ఎక్కువగా కనిపించింది. డబ్బాపాల ప్రచారాన్ని మన దేశం 1992లోనే చట్టం చేసి నిషేధించింది.

కాబట్టి ముర్రుపాలు పిండి పారబోయించకండి. బిడ్డ చప్పరించలేకపోయినా, కాన్పయిన మొదటి గంటల నుండే తల్లి చేత్తో పాలు పిండాలి. రోజుకు ఎనిమిదిసార్లయినా పిండితేనే పాలు నిలుస్తాయి. మొదట చెంచాడు కూడా రాకపోవచ్చు, ఆ చుక్కలే బిడ్డకు కావాలి. తల్లికి పాలు చాలకపోతే తల్లిపాల బ్యాంకు ఉందేమో డాక్టరును అడగండి. ముంబయి సయన్ ఆస్పత్రిలో 1989లో, హైదరాబాదు నీలోఫర్‌లో 2017లో ఇలాంటివి మొదలయ్యాయి. డాక్టరు చెప్పకుండా డబ్బాపాలు, తేనె, పంచదార నీళ్లు పట్టవద్దు.

మరొక మాట. తల్లిపాలు తాగిన బిడ్డకు కూడా ఈ జబ్బు రావచ్చు. డాక్టరే డబ్బాపాలు రాయవలసి రావచ్చు. అప్పుడు తల్లిని నిందించకండి. అత్తగారూ, ఆడబిడ్డలూ ఇంటిపని అందుకుని, వేళకు ఆమెకు వేడి అన్నం పంపి, బిడ్డ దగ్గర ఉండనివ్వండి. ఆ చిన్న ప్రాణానికి మనం చేయగల వైద్యం అదే.