కంటిలో నూనె నింపినవారు దానిని తీసే గడువు కూడా చెప్పాలి

శస్త్రచికిత్స విజయవంతమైందన్న మాటకు మన వైద్యరంగంలో చాలా ఇరుకైన అర్థం స్థిరపడిపోయింది. ఊడిన రెటీనా తిరిగి అతుక్కుంటే విజయం, రోగి ఇంటికి వెళితే బాధ్యత తీరినట్టు. ఆ కంటిలో నింపిన సిలికాన్ నూనె సంగతి ఆ తరువాత ఎవరికీ పట్టదు. దీనిని నేను నిర్లక్ష్యమనే అంటాను.

వృత్తి విరమణకు కొద్దికాలం ముందు, మధుమేహం మందుల కోసం ఒక రైతు నా వద్దకు వచ్చారు. ఆయన ఎడమకంటి నల్లగుడ్డుపై తెల్లని పట్టీ కనిపించింది. "రెండేళ్ళ కిందట ఆపరేషన్ చేసి నూనె పోశామన్నారండీ. మళ్ళీ తీయాలని ఎవరూ చెప్పలేదు" అన్నారు. డిశ్చార్జి కాగితంలో నూనె ప్రస్తావన ఆంగ్లంలో ఒక్క పంక్తి. ఎప్పుడు తీయాలో లేదు. కంటి ఒత్తిడి పెరిగి దృష్టినాడి అప్పటికే దెబ్బతిన్నది. అలా పోయిన చూపు తిరిగి రాదు.

నూనెను నిందించడం నా ఉద్దేశం కాదు. 1962లో అమెరికా వైద్యుడు పాల్ సిబిస్ ఈ పద్ధతిని ప్రకటించిన నాటినుంచి, ఆశ వదులుకున్న ఎన్నో కళ్ళను అది కాపాడింది. గాయాలవల్ల, మధుమేహంవల్ల తీవ్రంగా చెడిన రెటీనాను లోపలినుంచి అదిమి పట్టి ఉంచే ఆసరా అది. అయితే వాయువు నింపితే కొన్ని వారాల్లో దానంతటదే కరిగిపోతుంది. నూనె కరగదు. మరొక శస్త్రచికిత్స చేసి తీయవలసిందే. సాధారణంగా 3 నుంచి 6 నెలల్లో, రెటీనా నిలకడగా ఉందని నిర్ధారించుకొని తీస్తారు.

తీయకుండా ఉంచితే ఏమవుతుంది? కాలం గడిచేకొద్దీ నూనె సన్నని బిందువులుగా విడిపోతుంది. అవి కంటిలోని నీరు బయటికి పోయే జల్లెడవంటి మార్గాన్ని మూసివేస్తే ఒత్తిడి పెరిగి నీటికాసుల వ్యాధి వస్తుంది. నూనె ముందుకు వచ్చి నల్లగుడ్డును తాకుతూ ఉంటే అది మసకబారి, సున్నపు పట్టీ ఏర్పడుతుంది. సహజమైన కటకం ఉన్న కంటిలో శుక్లం దాదాపు తప్పదు. వీటిలో చాలా మార్పులు నొప్పి లేకుండానే సాగుతాయి. "చూపు బాగానే ఉంది కదా" అన్న ధీమా అందుకే ప్రమాదకరం.

నూనె తీస్తే రెటీనా మళ్ళీ ఊడవచ్చునని కొందరు వైద్యులు వాదిస్తారు. నిజమే. తీసిన తరువాత కొద్దిమందిలో కారణం తెలియకుండా చూపు తగ్గడమూ ఉంది. రెటీనా పదేపదే ఊడే కంటిలో, ఒత్తిడి మరీ పడిపోయిన కంటిలో నూనెను ఉంచివేయడమే మేలు కావచ్చు. కాని అది లాభనష్టాలు రోగికి వివరించి తీసుకొనే నిర్ణయం. మరచిపోవడం నిర్ణయం కాదు.

"రోగులే తిరిగి రారు" అన్నది మరొక సాకు. రెండవ శస్త్రచికిత్స ఉంటుందని, దానికీ ఖర్చు అవుతుందని మొదటిరోజే చెప్పకపోతే కూలి మానుకొని ఎవరు వస్తారు? ఏ కంటిలో నూనె ఉన్నది, ఏ నెలలో తీయాలి, ఒత్తిడి ఎప్పుడెప్పుడు చూపించుకోవాలి, ఖర్చు ఎంత: ఈ నాలుగు మాటలు తెలుగులో రాసి ఇవ్వడానికి ఏ యంత్రమూ అక్కరలేదు. ఆ కాగితం ఇవ్వకుండా రోగిని పంపడం సగం వైద్యమే.

మీ ఇంట్లో ఎవరి కంటిలోనైనా నూనె ఉంటే ఈరోజే పాత కాగితాలు తీసి చూడండి. గడువు లేకపోతే వెళ్ళి అడగండి. కన్ను ఎర్రబడినా, నొప్పిపెట్టినా, చూపు తగ్గినా ఆ రోజే చూపించండి. వెల్లకిలా పడుకోవద్దు. శుక్లం ఆపరేషన్‌కు వెళితే కంటిలో నూనె ఉన్నదని ముందే చెప్పండి. లేకపోతే కటకం కొలత తప్పవచ్చు. "ఎప్పుడు తీస్తారు?" అని అడిగినందుకు విసుక్కొనే వైద్యుడు ఎదురైతే, సమాధానం వచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి.