మొలక మేత లెక్క: పెరటి కోడి వైపు నుండి

కిసాన్ మేళాలలో సందర్శకులు తప్పక ఆగి చూసే వాటిలో మొలక మేత ట్రేలు ఒకటి. పచ్చని తివాచీ పరచినట్లు మొక్కజొన్న మొలకలు, ప్రక్కన "కిలో విత్తనం, వారంలో ఆరు కిలోల పచ్చిమేత" అన్న బోర్డు. కొన్నేళ్ల క్రితం అటువంటి బోర్డును నేనూ వ్రాయించాను. పాడి పశువుల కొరకు మొదలైన ఈ ప్రచారం ఇప్పుడు పెరటి కోళ్ల వరకు విస్తరించింది. మహిళా సంఘాల శిక్షణలలో దానిని "ఖర్చు లేని దాణా"గా పరిచయం చేస్తున్నారు. ఈ మాటను నేను అంగీకరించలేను. అందుకు కారణం గ్రంథాలలో కంటే ముందు ఒక పెరటిలో దొరికింది.

పాలమూరు ప్రాంతంలోని ఒక గ్రామంలో శిక్షణ ఇచ్చి వచ్చిన మూడు నెలలకు మరల అక్కడికి వెళ్లాను. ఒక మహిళా రైతు తన పన్నెండు గ్రామప్రియ పెట్టలను చూపించి, "మీరు చెప్పినట్టే పెట్టిన సారూ, గుడ్లే ఆగిపోయినయ్" అన్నది. అంతకుముందు ఆమె ఉదయం, సాయంత్రం నూకలు చల్లేది. శిక్షణ తరువాత నూకలు పూర్తిగా మాని, వారం రోజులు పెంచిన మొక్కజొన్న మొలకల చాపను ముక్కలు చేసి వేస్తున్నది. కోళ్లకు జబ్బు లేదు, నులిపురుగుల మందు కూడా వేయించింది. ఏమీ తోచక ఒక ట్రే మేతను ప్రయోగశాలకు తెచ్చి, ఓవెన్‌లో ఆరబెట్టి తూచాను. బోర్డు వ్రాయించక ముందే చేయవలసిన పని అది.

లెక్క కష్టమైనది కాదు. నిల్వకు తగిన మొక్కజొన్న గింజలో తేమ 10-12 శాతం ఉంటుంది. అంటే కిలో గింజలో ఇంచుమించు 880 నుండి 900 గ్రాముల పొడి పదార్థం ఉన్నది. వారం తరువాత వచ్చిన ఆరు కిలోల పచ్చిమేతలో పొడి పదార్థం 13 శాతం అనుకొంటే 780 గ్రాములు. పెరిగిన బరువంతా నీరే. పొడి పదార్థం పెరగకపోగా వంద గ్రాములకు పైగా తగ్గింది. మొలక శ్వాసక్రియకు గింజలోని పిండి పదార్థం ఖర్చు కావడమే ఇందుకు కారణం. నీడలో వారం రోజులు పెరిగే లేత ఆకు చేసే కిరణజన్య సంయోగక్రియ ఆ ఖర్చును పూడ్చలేదు. మాంసకృత్తుల శాతం పెరిగిందని పట్టికలు చూపుతారు. అది నిజమే, కాని పిండి పదార్థం తగ్గినందున మిగిలిన వాటి శాతం పెరిగినట్లు కనిపిస్తుంది. వట్టి నీటితో పెంచిన మొలకలో నత్రజని ఎక్కడ నుండి వచ్చి చేరుతుంది?

ఆవు విషయంలో ఈ నష్టాన్ని కొంత సమర్థించవచ్చు. దాని మొదటి జీర్ణాశయంలోని సూక్ష్మజీవులు పీచును వినియోగించుకొంటాయి. కోడికి ఆ సదుపాయం లేదు. కందనకాయ గింజను నూరగలదు గాని, పీచును పోషకంగా మార్చలేదు. గింజలోని పిండి కోడికి అత్యంత సులభంగా అరిగే శక్తి. దానిని వారం పాటు పెంచి ఆకుగా, వేరుగా మార్చడమంటే కోడి బాగా వాడుకోగల పదార్థాన్ని అది వాడుకోలేని పదార్థంగా మార్చడమే. ఎదిగిన కోడికి రోజుకు సుమారు 100 గ్రాముల పొడి ఆహారం కావాలి. ఈ మేతతోనే అది అందాలంటే ముప్పావు కిలోకు పైగా తినవలసి ఉంటుంది. మెడ దిగువనున్న ఆహారపు సంచి అంత పట్టదు. ఆ పన్నెండు పెట్టలు కడుపు నిండినట్లు కనిపిస్తూనే ఆకలితో ఉన్నాయి.

అయినప్పటికీ ఈ పద్ధతి ఒకప్పుడు ఎందుకు ఆదరణ పొందిందో విద్యార్థులు తెలుసుకోవాలి. గత శతాబ్ది తొలి దశాబ్దాలలో అమెరికా ఉత్తర ప్రాంతాల రైతులు చలికాలంలో కోళ్లకు మొలకెత్తిన ఓట్లు పెట్టేవారు. నెలల తరబడి నేల మంచుతో కప్పబడి, గడ్డిపోచ దొరకని చోట అది సరైన ఆలోచన. విటమిన్ ఏ ను 1913 లో గుర్తించారు; దాణాలో విటమిన్లు కలపడం ఆ తరువాతి మాట. అంతవరకు ఆ మొలకలే కోడికి పచ్చదనం. గింజకు బదులుగా కాక, గింజతో పాటు వాటిని పెట్టేవారు. మన పెరటిలో వానాకాలమంతా పచ్చిక ఉంటుంది. మనకు ఆ మంచుకాలంతో పోల్చదగినవి ఏప్రిల్, మే నెలలు మాత్రమే.

ప్రమాదాల విషయంలో మన కరపత్రాలు మౌనంగా ఉండడం నన్ను మరింత కలవరపెడుతున్నది. విత్తగా మిగిలిన సంకర విత్తనాన్ని మొలకెత్తించి కోళ్లకు వేయడం నేను చూశాను. గులాబీ రంగు పోయేవరకు కడిగామని వారు చెప్పారు. రంగు పోతే థైరం వంటి శిలీంధ్రనాశిని పోయినట్లు కాదు. విత్తనశుద్ధి చేసిన గింజ ఎంత కడిగినా మేతకు పనికిరాదు. ఈ ఒక్క వాక్యమైనా ప్రతి శిక్షణలో ముందుగా చెప్పాలి. రెండవది జొన్న. జొన్న నాము మేసి పశువులు చనిపోవడం మన రైతులకు తెలియనిది కాదు. లేత జొన్న మొలకలోనూ హైడ్రోసయనిక్ ఆమ్లాన్ని విడుదల చేసే పదార్థం అధికంగా ఉంటుంది. అందువలన జొన్న గింజను నూకగానే వాడాలి, మొలకగా కాదు. మూడవది బూజు. దట్టంగా పరచిన గింజ, వేడి, తేమ: శిలీంధ్రానికి ఇంతకంటే ఏమి కావాలి? ఆ గింజపై అఫ్లాటాక్సిన్ ఏర్పడితే ఉడికించినా నశించదు. పుల్లని వాసన వచ్చినా, జిగురు కనిపించినా ట్రే మొత్తాన్ని పారవేయాలి. పై భాగం కత్తిరించి వేస్తే చాలుననే సలహా తప్పు.

మొలకలు వద్దని నేను అనడం లేదు, వారం రోజులు వద్దంటున్నాను. మొక్కజొన్న లేదా సజ్జను రాత్రంతా నానబెట్టి, నీరు వార్చి, గుడ్డలో కట్టి ఒకటిన్నర రోజు ఉంచితే మొలక ముక్కు కనిపిస్తుంది. అక్కడితో ఆపాలి. పొడి పదార్థం నష్టం స్వల్పం, గింజ మెత్తబడుతుంది, ఫైటేట్ రూపంలో బంధింపబడిన భాస్వరం కొంత విడుదలవుతుంది. ఐదారు కోళ్లకు పూటకు ఒక గుప్పెడు, అదీ నూకలకు అదనంగా.

పచ్చదనానికి ట్రే కంటే నేల మేలు. పది అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు మడిలో లూసర్న్ గాని తోటకూర గాని చల్లి, జానెడు ఎత్తున చట్రానికి ఇనుప జాలి బిగించాలి. జాలి పైకి వచ్చిన చిగుళ్లను కోళ్లు పొడుచుకు తింటాయి, వేళ్లను గీరలేవు, మడి మరల చిగురిస్తుంది. దడి వెంట అవిశ, మునగ, దశరథ గడ్డి ఉంటే వేసవి కూడా కొంత గడుస్తుంది. సొన ముదురు పసుపు రంగుకు ఈ ఆకులు చాలు. కాని గుడ్డుకు ఆకు చాలదు. మాంసకృత్తులకు చెదలే చవకైనవి. కుండలో పేడ, గోనెసంచి ముక్కలు నింపి, తడిపి, చెదలున్న చోట బోర్లించే పద్ధతి మన పెద్దలకు తెలిసినదే. ఒక గుడ్డు పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. అది మొలక నుండి రాదు. నత్తగుల్లల పొడి గాని సున్నపురాయి నలుసులు గాని విడిగా పాత్రలో ఉంచాలి. అజొల్లాకు కూడా పై నీటి లెక్కే వర్తిస్తుందని ఇక్కడే చెప్పడం న్యాయం. దాని పచ్చి బరువులో పొడి పదార్థం పదో వంతు కూడా ఉండదు.

మొలక మేతపై స్నాతకోత్తర విద్యార్థుల ప్రతిపాదనలు ఇప్పటికీ నా వద్దకు వస్తున్నాయి. వాటిలో ట్రేకు ఎన్ని కిలోలన్న కొలత ఉంటుంది, పెట్టకు ఎన్ని గుడ్లన్నది ఉండదు. పొడి పదార్థం లెక్క లేని దిగుబడి పట్టికను నేను ఆమోదించడం మానివేశాను. విస్తరణ విభాగంలోని మిత్రులను కోరేది కూడా అదే: బోర్డుపై పచ్చి బరువు ప్రక్కన పొడి బరువు వ్రాయండి. మా మేళాలో ఈసారి అలాగే వ్రాయించాము. ట్రేల వద్ద జనం కొంత పలచబడ్డారు. పాలమూరు పెరటిలో నూకలు మరల మొదలుపెట్టిన కొన్ని వారాలకు పెట్టలు గుడ్లకు వచ్చాయి. ఖాళీ అయిన ట్రేలలో ఆమె ఇప్పుడు మిరప నారు పోస్తున్నది.