పెట్రోలు బంకు దగ్గర మార్నింగ్ షో

కారవాన్ అనగానే మీకేం గుర్తొస్తుంది? నాకు తెలుసు లెండి! షూటింగు స్పాటులో చెట్టు నీడన ఆగిన పొడుగాటి తెల్లబండి. లోపల ఏసీ, సోఫా, చుట్టూ బల్బులు బిగించిన అద్దం. మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని కాపలా కాసే అసిస్టెంటు. "సార్ లోపల రెస్టు తీసుకుంటున్నారండీ, కాసేపు ఆగండి" అనే మాట వినకుండా నా ఉద్యోగంలో ఒక్క వారం గడిచిన పాపాన పోలేదు. ఆ మెట్ల కింద ఎండలో నిలబడ్డ ప్రతిసారీ, ఒక్క రాత్రయినా కారవాన్లో కాళ్లు చాపుకుని పడుకోవాలని నాకూ ఉండేది.

ఆ కోరిక 2021 సెప్టెంబరులో బ్రిటన్‌లో తీరింది. తీరిన పద్ధతే వేరు!

మా అక్క బర్మింగ్‌హామ్‌లో నర్సు. బావ కంప్యూటర్ల మనిషి. కరోనా పుణ్యమా అని రెండేళ్లుగా చూడలేదని బయల్దేరి వెళ్లాను. రెండు డోసులు వేయించుకున్నా సరే, ఇండియా నుంచి వచ్చినవాడు పది రోజులు గడప దాటకూడదని అప్పట్లో అక్కడి రూలు. ఆ పది రోజులూ అక్క ఇంటి మేడగదిలో గోళ్లు గిల్లుకున్నాక, "పదవోయ్ జర్నలిస్టూ, కారవాన్లో తిప్పుతాను" అన్నాడు బావ. నేను ఎగిరి గంతేశాను.

తీరా చూస్తే అక్కడి కారవాన్‌కి ఇంజనే ఉండదు! చక్రాల మీద నిలబెట్టిన అగ్గిపెట్టంత ఇల్లు. కారు వెనక కొక్కేనికి తగిలించి మనమే లాక్కుపోవాలి. రెండు మంచాలు, ఒక గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, బీరువా అంత గదిలో పాయిఖానా. నీళ్లు క్యానుతో మోసుకొచ్చి పోసుకోవాలి. పాయిఖానా కింద పెట్టె నిండితే ఎవరు తీసుకెళ్లి పారబొయ్యాలి? ఆ భాగ్యం అతిథిగా నాకే దక్కింది. హీరో వేషం అనుకుని వెళ్లినవాడికి ప్రొడక్షన్ బాయ్ వేషమన్నమాట.

బుధవారం, అంటే సెప్టెంబరు 22న వేల్స్‌లో టెన్బీ అనే సముద్రపు ఊరు చేరాం. ఇంటి నుంచి దాదాపు 180 మైళ్లు. రంగురంగుల ఇళ్లు, పాత కోటగోడ, చిన్న రేవు. మన డైరెక్టర్లు చూస్తే రెండు డ్యూయెట్లు లాగించేస్తారు. కారవాన్ తగిలిస్తే మోటారువే మీద గంటకి 60 మైళ్లు దాటకూడదు. అంతకంటే చేదు సంగతి, బండి పెట్రోలు తాగే తీరు. గ్యాలనుకి 40 మైళ్లిచ్చే కారు కారవాన్ లాగితే 25కి దిగిపోయింది. ఊళ్లోకి దిగేసరికి ముల్లు పావుట్యాంకు దగ్గరుంది. "తిరుగుదారిలో కొట్టిద్దాంలే" అన్నాడు బావ. ఈ డైలాగు గుర్తుంచుకోండి.

గురువారం సాయంత్రం వార్త. లారీ డ్రైవర్లు చాలక కొన్ని బంకులు తాత్కాలికంగా మూస్తున్నామని బి.పి. కంపెనీ చెప్పింది. కొన్ని మాత్రమే సుమండీ! "పెట్రోలుకి కొరతేమీ లేదు, మామూలుగానే కొట్టించుకోండి" అని మంత్రులు టీవీలో చెప్పారు. సినిమావాళ్లం, మనకి తెలియదా! "టికెట్లు కావలసినన్ని ఉన్నాయి, తోసుకోకండి" అని మేనేజరు మైకులో చెప్పాక ఏమవుతుంది? గేటు విరుగుతుంది.

శుక్రవారం పొద్దున్నే నా ఫోనులో రెండు రకాల ఫోటోలు వచ్చి పడ్డాయి. ఆ రోజే మన దగ్గర 'లవ్ స్టోరీ' విడుదల. కరోనా తర్వాత నాగచైతన్య, సాయిపల్లవి కోసం జనం హాళ్లకి కదిలారని మిత్రులు క్యూల ఫోటోలు పంపారు. బావ ఫోనులోనూ క్యూలే. బర్మింగ్‌హామ్ బంకుల ముందు వీధి మలుపు దాటిన కార్ల క్యూ. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఒక్కటే కనిపించింది. మన క్యూలో జనం నవ్వుతున్నారు.

అసలు కథేమిటంటే, పెట్రోలు ఉంది. రిఫైనరీల్లో ఉంది, డిపోల్లో ఉంది. బంకుకి తోలుకొచ్చే మనిషే లేడు. మా నాన్న చెప్పే తెనాలి కబురొకటుంది. ఆ రోజుల్లో ఒకే ప్రింటుని రెండు హాళ్లలో ఆడించేవారట. ఇక్కడ రెండో రీలు అయిపోగానే సైకిలు కుర్రాడు ఆ పెట్టె పట్టుకుని రెండో హాలుకి పరిగెత్తాలి. వాడి సైకిలు పంక్చరయిందా, ఎన్టీఆర్ కత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండేవాడు. హాలంతా ఈలలు, కుర్చీల విరుగుళ్లు. రీలు ఊళ్లోనే ఉంది, హీరో ఉన్నాడు, టికెట్టు డబ్బూ ముట్టింది. లేనిదల్లా సైకిలు కుర్రాడు. పోస్టరు మీద ఏనాడూ పేరు పడని ఆ కుర్రాడు!

బ్రిటన్‌లో అప్పుడు అలాంటి కుర్రాళ్లు లక్షమంది తక్కువ పడ్డారని అక్కడి లారీ యజమానుల సంఘం లెక్క. ఐరోపా సమాఖ్య నుంచి బ్రిటన్ విడిపోయాక పోలండు, రుమేనియా డ్రైవర్లు చాలామంది ఇళ్లకి పోయారు. కరోనాలో లైసెన్సు పరీక్షలు ఆగిపోయాయి. ఉన్నవాళ్లలో వయసు మళ్లినవాళ్లెక్కువ. రాత్రుళ్లు రోడ్డు పక్కన క్యాబిన్లో పడక, స్నానానికి చోటుండదు. పైగా జీతం అంతంతమాత్రం. ఇంకెవరొస్తారు చెప్పండి? అయినా మామూలుగా కొట్టించుకుంటే బండి ఎలాగో నడిచేదే. అందరూ ఒకేసారి ట్యాంకులు నింపుకోవాలనుకునేసరికి బంకులు ఎండిపోయాయి. ఆదివారానికల్లా ప్రైవేటు బంకులవాళ్ల సంఘం చెప్పిందేమిటంటే, తమవైన దాదాపు 5,500 బంకుల్లో మూడింట రెండొంతుల దాకా చుక్క లేదని!

శనివారం పొద్దున కారవాన్లో మా ముగ్గురి మంత్రాంగం. మూడేళ్ల మేనకోడలు మంచం మీద గెంతుతోంది. అక్కకి సోమవారం తెల్లవారే డ్యూటీ. తప్పించుకునేది కాదు.

అక్క కాగితం మీద లెక్క రాసింది. ట్యాంకులో ఉన్నది దాదాపు 15 లీటర్లు. ఒట్టి కారుతో ఇంటికి 20 చాలు. కారవాన్ లాగితే 33.

"కారవాన్ ఇక్కడే వదిలేసి పోదాం. రెండు వారాలాగి తెచ్చుకోవచ్చు" అంది.

కారవాన్ బావ స్నేహితుడిది. "వాడికి ఏం మొహం పెట్టుకుని చెప్పను?" అన్నాడు బావ. మగవాళ్లం కదా, నేనూ బావ పక్షమే.

వెతగ్గా వెతగ్గా కార్మార్థెన్ వైపు ఒక బంకులో ఉందని తెలిసింది. కారవాన్‌ని సైటులోనే ఉంచి అందరం కారులో వెళ్లాం. మనిషికి 30 పౌన్లకు మించి లేదని బోర్డు. అంటే అప్పటి ధరకి 22 లీటర్లు. గంటంబావు క్యూ. ఎవరూ హారను కొట్టలేదు. కానీ ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. ముందు కారు ఆయన 8 పౌన్లకే ట్యాంకు నిండిపోయి వెళ్లిపోయాడు. ఎనిమిది పౌన్ల కోసం గంటంబావు! నవ్వుకున్నాను. ఆ నవ్వు నాకు ఎక్కువసేపు మిగల్లేదు.

అక్కడ బంకుల్లో మన కుర్రాళ్లలా కొట్టేవాళ్లుండరు. ఎవరి పెట్రోలు వాళ్లే పోసుకోవాలి. బావ గొట్టం పట్టుకున్నాడు, నేను అంకెలు చూస్తున్నాను. కారులోంచి అక్క "పదిహేను చాలు" అంది. పదిహేనంటే 11 లీటర్లు. ఒట్టి కారుతో ఇంటికి చేరి ఇంకా మిగులుతుంది. బావ పదిహేను దగ్గర ఆపి నాకేసి చూశాడు.

"కానీ బావా, మళ్లీ దొరుకుతుందా ఏమన్నానా?" అన్నాను నేను.

అవును, ఆ మాటన్నది నేనే. ఈ కాలంలో హీరోల మీద, నిర్మాతల మీద ఎన్ని సెటైర్లు వేశానో మీకు తెలుసు. ఇది నా మీద.

ముప్పై నిండింది. డబ్బు కట్టి వచ్చేసరికి మా వెనక కారామె గొట్టం పెట్టింది. మరలో అంకెలు కాసేపు కదిలి ఆగిపోయాయి. ఒక పౌను కూడా పడలేదు. బంకతను వచ్చి గొట్టాలన్నిటికీ ప్లాస్టిక్ తొడుగులు తొడిగాడు. హౌస్‌ఫుల్ బోర్డు పెట్టినట్టు!

ఆమెకి యాభై ఏళ్లుంటాయేమో. లేత నీలం యూనిఫారం, మెళ్లో కార్డు. ఇళ్లకి వెళ్లి లేవలేని ముసలివాళ్లకి మందులిచ్చి, అన్నం పెట్టి, బట్టలు మార్చే కేరర్. అరవలేదు, తిట్టలేదు. కారులో కూర్చుని ఫోను తీసి ఎవరికో "ఆలస్యమవుతుంది" అని చెబుతోంది. ముల్లు ఎర్రగీత కింద ఉంది.

మన ఊళ్లో అయితే రబ్బరు గొట్టం పెట్టి నోటితో లాగి సీసాలోకి దింపేవాళ్లం. ఇప్పటి కార్లకి ట్యాంకు మూతి దగ్గరే అడ్డు ఉంటుంది, గొట్టం దిగదు. బావ, నేను ట్యాంకు మూత తీసి వెర్రిమొహాలేసుకుని దాంట్లోకి చూస్తున్నాం. అక్క దిగి ఆమె దగ్గరకి వెళ్లింది. రెండు నిమిషాలు మాట్లాడి వచ్చింది.

"పాపని తీసుకుని మీరిద్దరూ బస్సులో పొండి. నేనామెని తిప్పి వస్తాను."

"మనకి పెట్రోలు..." అని బావ నసిగాడు.

"మనదా?" అంది అక్క. అంతే!

మూడిళ్లు తిరిగి, ఆమెని ఇంట్లో దింపి, అక్క సైటుకి వచ్చేసరికి సాయంత్రం అయింది. ఆ మూడిళ్లలో ఏం చూసిందో చెప్పమని గుచ్చి గుచ్చి అడిగాను. విలేఖరి బుద్ధి! "ఒకాయన తలుపు తీయగానే గడియారం చూపించాడు" అని మాత్రం చెప్పింది. మిగతాది ఈ రోజు వరకూ చెప్పలేదు.

ఇంకో నాలుగు లీటర్లు అయిపోయాయి కాబట్టి కారవాన్ తగిలించే ప్రశ్నే లేదు. బావ స్నేహితుడికి ఫోను చేస్తే "దానిదేముంది, ఉండనీ" అన్నాడట. రెండు రోజులుగా మేం భయపడింది ఈ జవాబుకి! సైటాయన వారానికింతని అద్దె తీసుకుని ఒక మూలన పెట్టుకున్నాడు. ఆదివారం ఒట్టి కారుతో, గంటకి 55 మైళ్లు దాటకుండా, బ్రేకు తొక్కాల్సిన పని పడకుండా ముందే వేగం తగ్గించుకుంటూ ఇల్లు చేరాం. ఏసీ వేస్తే బావ చెయ్యి పట్టుకుని ఆపాడు. ఇంటి ముందు ఆగాక ముల్లు చూశాను. పావుకి కొంచెం తక్కువ. ఎటు తిప్పి లెక్కేసినా నేను "కానీ బావా" అన్న ఆ 11 లీటర్లూ ఇంచుమించు అలాగే ఉన్నాయి.

మర్నాడు అక్క డ్యూటీకి బస్సులో వెళ్లింది.

ఆ వారమే లండన్‌లో కొత్త జేమ్స్ బాండ్ 'నో టైమ్ టు డై' ప్రీమియరు. వాయిదాల మీద వాయిదాలు పడి, హాళ్లవాళ్లంతా దాని మీదే ఆశలు పెట్టుకున్న సినిమా. ఒకవైపు తెర మీద బాండు కారు గిర్రున తిరుగుతుంటే, బయట కార్లు కదలక నిలబడ్డాయి. మేం హాలుకి నడిచి వెళ్లి చూశాం. అక్టోబరు 4 నుంచి ట్యాంకర్లు తోలడానికి సైన్యాన్ని దింపారు, దాదాపు 200 మంది. విదేశీ డ్రైవర్లకి 5,000 తాత్కాలిక వీసాలన్నారు. క్రిస్మసు దాకా ఉండి పొమ్మంటే ఎవరొస్తారని బావ ఆఫీసులో ఒకటే జోకులు. బావ మాత్రం అక్టోబరు సగం గడిచాక వెళ్లి కారవాన్ తెచ్చుకున్నాడు. పాయిఖానా పెట్టె ఎవరు కడిగారో నేను అడగలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? 2024 జనవరి 2 మన హైదరాబాదులో గుర్తుందా? ప్రమాదం చేసి పారిపోతే పదేళ్ల దాకా జైలన్న కొత్త చట్టం మీద లారీ డ్రైవర్లు బండ్లాపారు. ట్యాంకర్లు రావట కదా అని మధ్యాహ్నానికే బంకులన్నీ జాతర. చంచల్‌గూడలో ఒక డెలివరీ కుర్రాడు గుర్రం మీద వెళ్లి భోజనం అందించిన వీడియో మీరూ చూసే ఉంటారు. ఏ హీరో ఎంట్రీ దాని ముందు నిలుస్తుంది! ఆ రాత్రికి ఢిల్లీలో మాటలు కుదిరి సమ్మె ఆగింది.

ఆ మధ్యాహ్నం అక్క ఫోను చేసింది.

"ఒరేయ్, అక్కడ పెట్రోలు గొడవట కదా. నీ బండిలో ఎంతుంది?"

"సగం పైనే ఉందక్కా."

"ఎక్కడున్నావు, అంత గోలగా ఉంది?"

పంజాగుట్ట దగ్గర బంకులో ఉన్నాను. నా ముందు ఇంకా నలభై బళ్లున్నాయి. ఫోను జేబులో పెట్టుకుని, స్కూటరు పక్కకి తీసి బయటికి నెట్టుకుంటూ వచ్చాను. వెనకున్న కుర్రాడు సందు దొరికిందే చాలని ముందుకి దూరాడు. నాకేసి చూడనైనా లేదు!