ఇంటిచెంతనున్న యాత్రాస్థలములు

వేసవి సెలవులు వచ్చినంతనే మన పట్టణములలో కాస్త కలిగినవారందఱును ప్రయాణ సన్నాహములు చేయుదురు. కాశి యనువారు కొందఱు, ఊటీ యనువారు కొందఱు. ఇటీవల సింగపూరు, దుబాయి యనువారును తక్కువగా లేరు. దేశాటనమును మేము నిరసించువారము కాము. నాలుగూళ్లు చూచినవాని మాటకు ఉండు పొందిక ఇల్లు కదలనివాని మాటకు ఉండదు. మా యాక్షేపణ వేఱు. రామన్నపేటలో తెల్లవారుజామున బయలుదేరి దీపాలవేళకు మఱల ఇల్లు చేరగల దూరములో నున్నవానిని ఒక్కసారియైనను చూడనివారు, వేయి మైళ్ల కావల నున్న శిథిలముల యెదుట నిలిచి ఛాయాచిత్రములు తీయించుకొనుట మాకు విడ్డూరముగా తోచుచున్నది.

రాచకొండ మాటయే తీసికొందము. 1323లో ఓరుగల్లు పడిపోయిన పిదప తెలుగుదేశమున తలయెత్తిన రాజ్యములలో రేచర్ల పద్మనాయకుల రాజ్య మొకటి. దానికి రాజధాని రాచకొండ. రసార్ణవసుధాకరమను సంస్కృత లక్షణగ్రంథమును రచించి, సర్వజ్ఞుడని బిరుదు వహించిన సింగభూపాలుడు ఏలిన కొండ యిది. సున్నము వాడక బండపై బండ పేర్చి కట్టిన ప్రాకారములు, ద్వారములు, గుట్టల నడుమ గుళ్లు నేటికిని నిలిచియున్నవి. 2016లో హైదరాబాదు శివారుల పోలీసు కమిషనరేటునకు ఈ పేరు పెట్టిరి. అటుపిమ్మట లక్షలాది జనులు ఆ పేరును పోలీసు బండ్లమీద చదివిరి. చదివినవారిలో కోట యే దిక్కున నున్నదో చెప్పగలవారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును.

కోట త్రోవను మఱవనివారు మాత్ర మొక తెగవారు కలరు. వారు గుప్తనిధులు త్రవ్వువారు. వారికి శాసనము చదువరాదు, శిల్పము విలువ తెలియదు. నంది క్రింద బంగారమున్నదను నమ్మికయే వారి పెట్టుబడి, గడ్డపారయే వారి విద్య. పాడుబడిన గుడి యెచ్చట నున్నను అచ్చట పెకలించిన పీఠమో, తలలేని విగ్రహమో కనబడుట మన జిల్లాలలో అరుదు కాదు. పగటిపూట పదిమంది పిల్లాపాపలతో వచ్చిపోవు చోట రాత్రివేళ గడ్డపార దింపుటకు ఎవనికైనను జంకు కలుగును. చూచువారు లేని చోటనే దొంగకు ధైర్యము. కావున యాత్ర యనగా వినోదము మాత్రమే కాదు, అది కాపలా కూడ నని మా యభిప్రాయము.

నల్లగొండ ప్రక్కనున్న పానగల్లును గుఱించి కొంత విపులముగా చెప్పవలసియున్నది. కందూరు చోడుల కాలపు ఛాయా సోమేశ్వరాలయ మచ్చట కలదు. మూడు గర్భగుళ్లు, నడుమ నొక మంటపము. ఒక గుడిలో లింగము వెనుక గోడపై స్తంభము నీడ యొకటి పడును. సూర్యుడు తూర్పున నున్నను పడమట నున్నను ఆ నీడ కదలదు. ఏ స్తంభమునకు ఆ నీడ యని వెదకని సందర్శకుడు లేడు. మహిమ యని చేతులు జోడించి మరలువారే పెక్కుమంది. అయితే సూర్యకిరణములు నేరుగా ఆ గోడను తాకుట లేదు. మంటపము తెఱపులనుండి లోనికి ప్రసరించు పగటి వెలుగును నడుమనున్న కంబములు అడ్డగించుచున్నవి. ఆ వెలుగు వచ్చు దారులు మాఱవు కావున నీడయు మాఱదు. ఈ మాట తెలిసినందువలన భక్తికి కొఱత రాదు. ఎనిమిది తొమ్మిది వందల యేండ్ల క్రిందట వెలుతురు నడకను ఇంత చక్కగా ఎఱిగిన స్థపతిపై గౌరవము కూడ తోడగును. ఆ యూరనే పచ్చల సోమేశ్వరాలయము, ఉదయసముద్రమను పెద్ద చెఱువు, శిల్పములను కూర్చిన ప్రదర్శనశాల కలవు. రామన్నపేటనుండి నల్లగొండకు రైలుమార్గమే యున్నది.

భువనగిరి బండను ఎఱుగనివారు లేరు, ఎక్కినవారు తక్కువ. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేర వెలసినదని చెప్పబడు ఆ కోట ఒకే యేకశిలపై నున్నది. 2014లో పదుమూడేండ్ల ప్రాయమున ఎవరెస్టు శిఖరము నెక్కిన మాలావత్ పూర్ణ కొండలెక్కు పాఠములు నేర్చినది ఈ బండమీదనే. ఆలేరు చెంతనున్న కొలనుపాక జైనమందిరమునకు గుజరాతునుండి, రాజస్థానమునుండి యాత్రికులు వచ్చి పచ్చరాతి మహావీరుని దర్శించి పోవుచున్నారు. ఆ యూరి సోమేశ్వరాలయ ప్రాంగణములో శాసనములు వరుసగా నిలిపియుంచిరి. పోచంపల్లిలో 1951 ఏప్రిలు 18న వినోబాజీకి తొలి భూదానము లభించెను. నూలునకే ముందుగా ముడులువేసి రంగులద్ది, పిదప మగ్గమున కెక్కించు ఆ యూరి నేతపనిని చూచుటకు ఒక పూట చాలదు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థవారు దానిని ఉత్తమ పర్యాటక గ్రామములలో నొకటిగా ఎన్నుకొనిరి. కొంచెము దూరమైనను సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరిని విడువరాదు. అచ్చటి బౌద్ధశిల్పములు 2023లో న్యూయార్కు నగరపు మెట్రోపాలిటను మ్యూజియములో ప్రదర్శింపబడెను. సముద్రముల కావలివారు బారులుతీరి చూచిన శిల్పములు పుట్టిన గుట్టను మనవా రెందఱు చూచిరి?

నాగార్జునసాగరమునకు 1955లో శంకుస్థాపన జరిగెను. మునిగిపోవు లోయలో 1954 మొదలు 1960 వఱకు త్రవ్వకములు సాగించి, ముఖ్యమైన కట్టడములను కొండమీదికి తరలించి, ఇక్ష్వాకుల నాటి చరిత్రను దక్కించుకొనిరి. అచ్చట నీరు వచ్చు గడువు ముందే తెలిసియుండెను. మన గుట్టలకు అట్టి గడువు నెవరును చెప్పుట లేదు. ఒక యేట ఒక స్తంభము, మఱొక యేట ఒక శాసనశిల. ఇటు రాతి గనుల తాకిడి, అటు జీర్ణోద్ధరణ పేరిట చెక్కడములపై పూయు సున్నము, రంగులు.

చట్టములు లేకపోలేదు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టము వచ్చెను. మన సమ్మిశ్ర సంస్కృతి వారసత్వమును కాపాడుట పౌరుని ప్రాథమిక కర్తవ్యమని 1976లో రాజ్యాంగమున చేర్చిరి. కాని కాగితముపైనున్న కర్తవ్యమునకు ఊరిలో నొక చిరునామా కావలెను. ఆ చిరునామా గ్రంథాలయమే కాదగునని మేము తలంచుచున్నాము. లక్ష్మణరాయ పరిశోధక మండలివారు 1935లో తెలంగాణా శాసనములను ప్రకటించిననాడు వారివెనుక ప్రభుత్వపు ధనాగారము లేదు, ఊరూర శ్రద్ధగలవారుండిరి. నేడు బస్సులున్నవి, జేబులో ఛాయాగ్రహణ యంత్రమున్నది. లేనిదల్లా ఒక పుస్తకము.

ప్రతి పఠనమందిరమువారును అట్టి దొకటి తెఱువవలెను. చుట్టుప్రక్కల గుడి, కోట, మసీదు, గుట్ట, చెఱువు, శాసనము ఏది యెచ్చట నున్నదో, త్రోవ యేదో, నేటి స్థితి యెట్లున్నదో తేదీతోసహా వ్రాసి, ఏటేట మఱల చూచి సరిపోల్చవలెను. క్రొత్తగా నేది విరిగినను ఆ పుస్తకమే సాక్ష్యము. పురావస్తు శాఖకు అర్జీ వ్రాయువానికి అంతకంటె బలమైన ఆధారము దొరకదు. పాఠశాలల విహారయాత్రలు హైదరాబాదునకే యేల పోవలెనో ఉపాధ్యాయులు కూడ ఆలోచింతురుగాక.

రామన్నపేటవారు మొదటి పుటను రాచకొండతో ఆరంభింపవచ్చును. చిట్యాల, చౌటుప్పలు మీదుగా సంస్థాన్ నారాయణపురము చేరి, అచ్చటనుండి కొండదారి పట్టవలెను. ఎండ ముదురకముందే ఎక్కుట మేలు. త్రాగునీరు వెంట తీసికొనిపోవలెను.