అనాథకు కావలసినది అతిథి కాదు, ఆత్మీయుడు

ఇటీవల కర్నూలులో బంధువుల ఇంట సత్యనారాయణ వ్రతానికి వెళ్ళాను. ప్రసాదం స్వీకరిస్తూ పెద్దలు ఒక విషయం చర్చించుకుంటున్నారు. పొరుగున ఉన్న క్రైస్తవ కుటుంబంలోని అమ్మాయి చదువు ముగించి, చర్చి బృందంతో మూడు వారాలపాటు ఆఫ్రికాలోని ఒక అనాథాశ్రమంలో సేవ చేయడానికి బయలుదేరుతున్నదట. "సేవ పేరిట మత ప్రచారమే కదా!" అన్నారొకరు. "మన పిల్లలు కనీసం పక్క వీధికైనా వెళుతున్నారా నాయనా?" అని ఆ ఇంటి అమ్మమ్మగారు అడిగారు. ఎవరూ బదులు పలకలేదు.

ఆ యువతి కరుణను శంకించడం మనకు తగదు. అటువంటి కరుణ ఎంత దూరం నడవగలదో రాయలసీమ కళ్ళారా చూసింది. 1920లో స్పెయిన్‌లో జన్మించిన విన్సెంట్ ఫెర్రర్ 1952లో జెస్యూట్‌గా భారతదేశానికి వచ్చారు. 1969లో కరువు నేల అనంతపురం చేరారు. మరుసటి ఏట ఆ మతసంఘాన్ని వీడినా, ఈ ప్రజలను వీడలేదు. 2009లో ఇక్కడే కన్నుమూశారు. ఆయన ఇచ్చినవి మూడు వారాలు కాదు, నలభై ఏళ్ళు. ఆయన నెలకొల్పిన సంస్థ ద్వారా స్పెయిన్ దాతలు పిల్లలకు తోడ్పడినప్పుడు, ఆ బిడ్డ తన ఊరిలో, తనవారి మధ్యనే పెరిగాడు.

భేదమంతా ఇక్కడే ఉన్నది. వచ్చినవారు బిడ్డను ఎత్తుకొని లాలించి, మూడు వారాలకు వెళ్ళిపోతే, ఆ పసి మనసుకు మరొక ఎడబాటు మిగులుతుంది. పైగా లోకంలోని అనాథాశ్రమాలలో ఉన్న పిల్లలలో చాలామందికి తల్లో తండ్రో ఉన్నారు. పేదరికమే వారిని అక్కడికి చేర్చింది. దర్శించవచ్చే దాతల కోసమే పిల్లలను చేర్చుకొనే చోట్లు కూడా ఉన్నాయి. అందుచేతనే 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ బాలల హక్కుల తీర్మానంలో ఈ స్వచ్ఛంద యాత్రల వలన కలిగే హానిని ప్రస్తావించి, దేశాలను హెచ్చరించింది.

ఈ హెచ్చరిక ఒక్క మతానికి చెందినది కాదు. పుట్టినరోజున ఆశ్రమానికి వెళ్ళి, పిల్లలను వరుసగా కూర్చోబెట్టి, వడ్డిస్తూ ఛాయాచిత్రం తీయించుకొనే మనకూ వర్తిస్తుంది. అన్నదానం మహాదానమే. కాని పుచ్చుకొనే బిడ్డ ప్రతివారం ఎవరో ఒకరికి నమస్కరించి కృతజ్ఞత తెలుపవలసి వస్తే, ఆ దానంలో మన పుణ్యమెంత, వాని అవమానమెంత? ప్రతిఫలంగా మతాన్ని కోరినా, మెప్పును కోరినా, దానం బేరమే అవుతుంది.

మన పురాణాలు చూపిన దారి వేరు. విడిచిపెట్టబడిన శకుంతలకు కణ్వుడు తండ్రి అయ్యాడు. నాగేటిచాలులో దొరికిన సీతను జనకుడు తన కూతురని చెప్పుకున్నాడు. నీటిలో కొట్టుకువచ్చిన కర్ణుని రాధ కన్నతల్లివలె పెంచింది. వారెవ్వరూ బిడ్డను చూచి వెళ్ళిన అతిథులు కారు. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు వేలాది మంది ఆకలి తీర్చినదీ ఈ సీమలోనే. ఆయన సేవను విని విక్టోరియా మహారాణి స్వర్ణపతకం పంపింది.

నేడు ఆ కరువు రూపం మారింది. ఆదోని, కోసిగి, మంత్రాలయం ప్రాంతాల నుండి ఏటా కుటుంబాలు గుంటూరు మిరప చేలకు, బెంగుళూరు పనులకు వలస పోతుంటాయి. తల్లిదండ్రులు బ్రతికి ఉండగానే పిల్లలు నెలల తరబడి అవ్వాతాతల పాలవుతున్నారు, లేదా బడి మాని వెంట వెళుతున్నారు. రాఘవేంద్రస్వామి దర్శనానికి వెళ్ళే మనం ఆ దారిలోనే ఈ బిడ్డలను దాటి వెళుతున్నాము.

మనం చేయదగినది చాలానే ఉన్నది. ఒక ఊరిని ఎంచుకొని, అవ్వ వద్ద మిగిలిన బిడ్డకు చదువు ముగిసేదాకా తోడుగా నిలవవచ్చు. ఆపదలో ఉన్న బిడ్డ కనబడితే 1098కి తెలుపవచ్చు. సంతానం కోరేవారు చట్టబద్ధమైన దత్తతకు ముందుకు రావచ్చు.

ఆ అమ్మాయి ప్రయాణానికి మనం శుభం పలుకుదాం. ఆ బిడ్డలకు తరువాత ఏమవుతుందని ఆమెను ప్రేమతో అడుగుదాం. అదే ప్రశ్నను మనమూ వేసుకొందాం. అమ్మమ్మగారి ప్రశ్నకు బదులు నోటితో కాదు, పక్క వీధి వైపు వేసే అడుగుతో చెప్పవలసి ఉన్నది.