పలక మారినది, చేయి మారలేదు

మన సంఘముల వార్షికోత్సవములలో బాలబాలికలకు చిత్రలేఖనపు పోటీలు పెట్టుట చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. కొన్ని యేండ్లుగా ఆ పోటీలలో నొక వివాదము తలయెత్తుచున్నది. కాగితముపై గీచిన బొమ్మలను గోడకు అంటించి, డిజిటల్ టాబ్లెట్టుపై గీచి అచ్చు తీయించి తెచ్చిన బొమ్మలను ప్రక్కకు నెట్టుట మేము ఒకటి కంటె నెక్కువ చోట్ల చూచితిమి. “ఇది పిల్లవాడు గీచినది కాదు, యంత్రము గీచినది. ఇంత శుభ్రమైన గీత పిల్లల చేతికి వచ్చునా?” అని పెద్దలు తీర్పు చెప్పుదురు. పిల్లవాడు మారు పలుకక తన బొమ్మను చుట్టి చంకనిడుకొని పోవును. మరుసటి యేడు వాడు సంఘమునకు రాడు.

ఆ తీర్పు తప్పని మా వాదము. అందును మనవంటివారు చేయరాని తప్పు. బెంగుళూరులోనో చెన్నపట్టణములోనో, బరంపురములోనో షోలాపురములోనో తరతరములుగా కాపురమున్న మన యిండ్లలో తెలుగు మాట నిలిచినది గాని తెలుగక్షరము పలుచోట్ల జారిపోయినది. తాత చదివిన పుస్తకమును మనుమడు చదువలేడు. కాని తాత చూచి ఆనందించిన బొమ్మను మనుమడును చూచి ఆనందించును. బామ్మ పెట్టిన ముగ్గును మనుమరాలు చూచి గీయును. అక్షరము తెగిన చోట గీత తెగలేదు. ఆ మిగిలిన పోగును గూడ మన చేతులతో మనమే త్రెంచుకొందుమా?

ముందుగా ఈ పరికరమెట్టిదో తెలిసికొందము. ఇది నిన్న మొన్న పుట్టిన వింత కాదు. 1963లో అమెరికాలో ఐవాన్ సదర్లండ్ అను ఆయన కాంతికలముతో కంప్యూటరు తెరపై గీతలు గీయు విధానమును చూపెను. మరుసటి యేడు, 1964లో, ర్యాండ్ సంస్థవారు పలకవంటి పరికరము నొకదానిని వెల్లడించిరి. ఇంచుమించు పదియంగుళముల చదరముగల ఆ పలక, అంగుళమునకు నూరు చుక్కల చొప్పున లెక్కించి, కలపు మొన యెచ్చట నున్నదో కంప్యూటరునకు తెలియజేసెడిది. నేటి పలకయు చేయునది ఆ పనియే. మొన యెచ్చట నున్నది, ఎంత గట్టిగా అదిమినది అనునవి సెకనునకు నూరుకు మించిన పర్యాయములు కొలిచి చెప్పును. ఒత్తిడిని 8,192 మెట్లుగా విభజించి కొలుచు పలకలు నేడు సామాన్యములు. కొలుచుట వేరు, గీయుట వేరు. తక్కెడ బియ్యమును తూచునే గాని పండించదు.

యంత్రమే గీయుననువారిని ఒక్కసారి ఆ కలము పట్టి తమ పేరు వ్రాయుడని వేడుచున్నాము. చవుకగా దొరకు పలకలకు తెర యుండదు. చేయి బల్లమీద కదలవలెను, కన్ను ఎదుటి తెరను చూడవలెను. కొత్తవానికి ఆ రెంటికి పొత్తు కుదురదు. పలక వెడల్పుపొడవుల నిష్పత్తి తెర నిష్పత్తితో సరిపెట్టనిచో గుండ్రముగా త్రిప్పిన చేయి కోడిగ్రుడ్డును గీయును. కాగితపు గరుకు లేకపోవుటచే కలము జారును. కాగితముపై చక్కగా గీయు చేయియు ఇచ్చట కొన్ని వారములు మరల ఓనమాలు దిద్దవలసినదే. ఇది పనిని తప్పించు యంత్రమా, పెంచు యంత్రమా?

పెద్దల ఆక్షేపణలలో ముఖ్యమైనవి మూడు. గీతను యంత్రము నునుపు చేయునని మొదటిది, తప్పును మాయము చేయునని రెండవది, క్రింద ముతకబొమ్మ నుంచుకొని దానిపై దిద్దుట చౌర్యమని మూడవది. ఈ మూడును సత్యములే. కాని ఈ మూడును మన పూర్వులు చేసినవే.

మొదటిదానిని చూడుడు. చేయి వణకినపుడు ఏర్పడు చిన్న మెలికలను సగటు తీసి నునుపు చేయు సాధనమొకటి ఈ సాఫ్ట్‌వేరులలో కలదు. దానిని స్టెబిలైజరందురు. కలము ముందు పోవుచుండగా గీత త్రాటికి కట్టిన బండివలె కొంచెము వెనుకగా దానిని వెంబడించును. అది వణకును తగ్గించును గాని దారి చూపదు. కన్ను తప్పుగా గీచినచో అది కన్నును దిద్దదు, ఆ తప్పు కన్నునే నున్నగా గీయును. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు నూలుబట్టను కరక్కాయ రసమును గేదెపాలును కలిపిన నీటిలో తడిపి ఆరవేయుదురు. పాలలోని క్రొవ్వు వలన రంగు బట్టపై ప్రాకక, గీచినచోటనే నిలుచును. కరక్కాయలోని వగరు తగులుటచే, బెల్లపు నీటిలో ఇనుపముక్కలు నానవేసి పులియబెట్టిన ద్రవము నల్లని గీతయగును. గీత శుభ్రముగా వచ్చుటకు వారు చేసికొన్న యేర్పాటది. ఆ బొమ్మను పాలు గీచినవని యెవరైన ననిరా?

రెండవది తప్పును మాయము చేయుట. ఒక మీట నొక్కినచో కడపటి గీత పోవును, నిజమే. మనము అక్షరములు నేర్చిన రాతిపలక మాటయేమి? తడిగుడ్డతో తుడిచి మరల దిద్దితిమి. వాకిట పెట్టిన ముగ్గులో చుక్క తప్పినచో నీళ్లు చల్లి చెరిపి మరల పెట్టుదురు. పుస్తకములకు బొమ్మలు వేసినవారు సిరా ఒలికినచోట తెల్లరంగు పూసి దానిపై తిరిగి గీచిరి. తుడుచుటకు వీలుగలదని రాతిపలకను మోసమనలేదు. పేరులోనే పలకయైన ఈ పరికరమును ఏల అనవలెను?

మూడవది ముతకబొమ్మపై దిద్దుట. ఈ సాఫ్ట్‌వేరులలో పొరలు కలవు. క్రింది పొరపై ముతకగా గీచి, దానిని లేతపరచి, పైపొరపై అసలు గీత గీయుదురు. పని ముగిసిన పిదప క్రింది పొరను తీసివేయుదురు. మరల కాళహస్తికే పోదము. అచ్చటి పనివారు చింతబరికెలను కాల్చిన బొగ్గుతో బట్టపై ముందు ఆకారమును గీచుకొని, పిమ్మట ఉన్ని చుట్టిన వెదురుకలముతో నల్లని గీతను నిలుపుదురు. బొగ్గుగీత పోవును, కలపుగీత నిలుచును. పొరలను కంప్యూటరు కనిపెట్టలేదు, పేరు మాత్రమే పెట్టినది.

శుభ్రమైన గీత యనునది అసలెందులకు కావలసివచ్చినదో గూడ మరచితిమి. లోహపు అచ్చుల కాలమున బొమ్మను ఫోటో తీసి, జింకురేకుపై ఆమ్లముతో తినిపించి లైనుబ్లాకు చేసెడివారు. అందులో నలుపుండవలెను, లేక తెలుపుండవలెను. నడిమి బూడిదవన్నెకు చోటు లేదు. కావున చిత్రకారుడు చిక్కని సిరాతో, అనుమానము లేని గీత గీయవలసివచ్చెను. 1947 జూలైలో చెన్నపట్టణమున తెలుగు తమిళములలో మొదలైన చందమామను మన యిండ్లలో ఎరుగనివారెవరు? 1952లో ఆ పత్రికలో చేరిన శంకర్ గారు, అనగా కె. సి. శివశంకరన్, తమిళులు. బేతాళుని భుజాన వేసికొని నడచు విక్రమార్కుని బొమ్మ ఆయన చేతిది. దానిని చూచి తెలుగు పిల్లలును తమిళ పిల్లలును ఒక్కరీతిగా భయపడిరి, ఒక్కరీతిగా మురిసిరి. ఫోటోయంత్రమును ఆమ్లమును అచ్చుయంత్రమును దాటి వచ్చినను ఆ గీత ఆయనదిగనే యుండెను.

ఇంకొక్క నిదర్శనము. చెన్నపట్టణమున జీవితములో అధికభాగము గడపిన బాపు గారి (1933–2014) చేతివ్రాత కంప్యూటరు అక్షరములుగా రూపొంది, నేడు శుభలేఖలపై, పుస్తకముల అట్టలపై కనబడుచున్నది. దానిని చూచి “బాపు వ్రాత” అందుమే గాని “కంప్యూటరు వ్రాత” యనము. పెద్దలకు బాపు విషయమున తెలిసిన సత్యము పక్కింటి పిల్లవాని విషయమున ఏల తెలియకపోవలెను?

పెద్దల యనుమానమునకు నేడొక కారణము కలదని ఒప్పుకొందుము. ఒక వాక్యము వ్రాసినంతనే బొమ్మనిచ్చు యంత్రములు 2022 నుండి విరివిగా వ్యాపించినవి. అందు గీచిన చేయి లేదు. ఆ బొమ్మను పోటీకి తెచ్చుట మోసమే, దానిని త్రోసివేయవలసినదే. కాని దానిని పలకపై గీచిన బొమ్మను ఒక్క గాట కట్టుట న్యాయము కాదు. రెంటికి భేదము తెలిసికొనుట సులభము. పలకపై గీచినవానియొద్ద పొరలుండును, ముతకబొమ్మ యుండును. కొన్ని సాఫ్ట్‌వేరులు గీచిన క్రమమునంతయు చలనచిత్రముగా భద్రపరచును. అడిగినచో పిల్లవాడు చూపును. అడుగక తీర్పు చెప్పుటయే మా ఫిర్యాదు.

యంత్రమును ఇంతగా ఏవగించుకొను మన గుమ్మములవైపు ఒకసారి చూతము. పొరుగువారు కోలమనినను, రంగవల్లి యనినను, ఝోటి యనినను, మన ఆడువారు దానిని ముగ్గనియే పిలిచి ప్రతియుదయము పెట్టిరి. పరదేశమున మన వాకిలిని గుర్తుపట్టించిన గీత అది. నేడు అపార్టుమెంటుల గడపలపై కనబడునదేమి? అంగడిలో కొని అంటించిన ప్లాస్టిక్కు ముగ్గు. అందులో చుక్క పెట్టినవారు లేరు, మెలిక త్రిప్పినవారు లేరు. ఏ కర్మాగారముననో వేలకొలది అచ్చైనది. దానిని గడపకు అంటించి, దానిని దాటి సభకు వచ్చి, తన చేతితో వంద గీతలు గీచిన పిల్లతో “ఇది యంత్రపు పని” అనుట ఎంత విడ్డూరము! చేయి లేనిది గడపమీద నున్నది. చేయి ఉన్నది పలకమీద నున్నది.

ఇంతవరకు పెద్దలతో మా వాదము. ఇక పిన్నలతోను వారికి పలకలు కొనిపెట్టు తలిదండ్రులతోను రెండు మాటలు చెప్పవలెను. ఎక్కువ వెల పెట్టినచో ఎక్కువ శుభ్రమైన గీత వచ్చునని మీరు నమ్మినచో, మీరును ఆ పెద్దల తప్పునే వేరొక దారిన చేయుచున్నారు. గీత పలకలో నున్నదని వారును తలచిరి, మీరును తలచితిరి. స్టెబిలైజరును కడపటి మెట్టువరకు పెంచి గీచిన బొమ్మలను మేము చూచితిమి. గీత నున్నగనే యుండును, కాని మొదటినుండి తుదివరకు ఒక్క లావుతో ఇనుపతీగ వలె పడియుండును. బొమ్మను విపరీతముగా పెద్దది చేసికొని అంగుళమంగుళముగా గీచినవాని గీత దగ్గరనుండి బాగుండును, దూరమునుండి చూచిన అతుకులబొంత. ఒకే గీతను ఇరువదిసార్లు గీచి ఇరువదిసార్లు చెరిపి, యాదృచ్ఛికముగా వచ్చిన దానిని ఉంచుకొనుటయు నేర్పు కాదు.

చేయవలసినది వేరు. పొడుగు వంపును మణికట్టుతో గాక మోచేతినుండి, భుజమునుండి ఒక్క ఊపున లాగవలెను. చేతికి అనువుగా లేని దిక్కున గీత పోవుచున్నచో మణికట్టును మెలిపెట్టక కాగితమును త్రిప్పినట్లు తెరమీది బొమ్మను త్రిప్పుకొనవలెను. నీడవైపున, గీతలు కలియుచోట లావుగా, వెలుతురువైపున సన్నగా, తుదిలో మొన తేలునట్లు ఒత్తిడిని మార్చవలెను. స్టెబిలైజరును వణకు పోవునంతమట్టుకే ఉంచి, చేయి కుదిరినకొలది తగ్గించుకొనవలెను. అచ్చునకు పోవు బొమ్మను మొదటనే తగినంత పెద్దదిగా మొదలిడవలెను. ఎ4 కాగితమంత బొమ్మకు అంగుళమునకు 300 చుక్కల చొప్పున 2480 పిక్సెళ్ల వెడల్పు, 3508 పిక్సెళ్ల పొడవు కావలెను. ఇందులో ఏదియు అంగడిలో దొరకదు, అభ్యాసమున దొరకును. ధనము లేనివారు చిన్నబుచ్చుకొన బనిలేదు. క్రీటా, ఇంక్‌స్కేప్ వంటి సాఫ్ట్‌వేరులు ఉచితముగనే లభించుచున్నవి. తెరలేని చిన్న పలకయే అభ్యాసమునకు చాలును.

కావున మన సంఘములవారిని మూడు కోరుచున్నాము. పలకపై గీచిన బొమ్మలను కాగితపు బొమ్మలతో సమానముగా పోటీకి తీసికొనుడు. అనుమానమున్నచో పొరలను చూపుమనుడు, లేదా మీ ఎదుటనే అయిదు నిమిషములు గీయుమనుడు. నాడు సంగీతపు తరగతికి హార్మోనియము కొన్నట్లే నేడు రెండు మూడు పలకలు కొని సంఘమందిరమున ఉంచుడు. ఇక మూడవది అన్నిటికంటె ముఖ్యము. ఆ పలకపై పిల్లలచేత మొట్టమొదట తెలుగక్షరములను గీయింపుడు.

తెలుగు లిపి వంపుల లిపి. అకారపు మెలిక, ఠకారపు గుండ్రన, తలకట్టు విసురు, కొమ్ము తిరుగుడు సరిగా వచ్చిన చేతికి రాని వంపు లోకమున లేదు. గీత నేర్చుకొనగోరు పిల్లకు ఇంతకంటె మంచి సాధకము ఎవరు చూపగలరు? అక్షరము చదువుమన్నచో మన పిల్లలు పారిపోవుచున్నారు. గీయుమన్నచో కూర్చుందురు. నేడు వారు గీయుటకే వచ్చుచున్నారు. గీత నేర్పు నెపమున అక్షరమును నేర్పుదము. ప్రక్కకు నెట్టిన ఆ బొమ్మను తీసి గోడకు అంటించి, దాని క్రింద తన పేరును తెలుగున, తన చేతితో, ఆ పలకపైననే వ్రాసి తెమ్మని పిల్లవానితో చెప్పుదము. మరుసటి యేడు వాడు తప్పక వచ్చును.