జల్లెడకు తెలుగు నేర్పేది మనమే

ఖరగ్‌పూర్ అనగానే అందరూ పొడవైన ప్లాట్‌ఫారం గురించే చెబుతారు. ఈ-మెయిల్ విషయంలోనూ మన ఊరికి పాత చరిత్ర ఉందని చాలామందికి తెలియదు. విద్యా, పరిశోధన సంస్థల కంప్యూటర్లను కలపడానికి భారత ప్రభుత్వం 1986లో ఎర్నెట్ అనే పథకాన్ని మొదలుపెట్టింది. అందులో తొలుత చేరిన ఎనిమిది సంస్థలలో ఖరగ్‌పూర్ ఐఐటీ ఒకటి. మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న. అంటే అంతకు తొమ్మిదేళ్ళ ముందే ఆ పథకంలో మన ఊరి పేరు ఉంది.

ఇప్పుడు మన ఇళ్ళలో ప్రతి ఫోనులోనూ ఈ-మెయిల్ ఉంది. దానితో పాటే చెత్త ఉత్తరాలూ వచ్చాయి. అడగని అప్పులు, కొనని లాటరీలు, లేని ఉద్యోగాలు రోజూ మన తలుపు తడుతున్నాయి. వీటిని ఆపడానికి మెయిల్ సర్వర్‌లో ఒక జల్లెడ ఉంటుంది. దానినే స్పామ్ ఫిల్టర్ అంటారు. ఆ జల్లెడను ఎవరో తయారు చేసి ఇస్తారు, మనం వాడుకుంటే చాలు అని అందరూ అనుకుంటారు. అది సరికాదని మా అభిప్రాయం. మన ఉత్తరాలతో మనం నేర్పకపోతే ఆ జల్లెడ తాలు గింజలతో పాటు గట్టి గింజలనూ పారబోస్తుంది. ముందుగా నష్టపోయేది తెలుగు ఉత్తరాలే.

చెత్త ఉత్తరాల కథ ఈనాటిది కాదు. 1978 మే 3న అమెరికాలో గ్యారీ తుర్క్ అనే ఉద్యోగి తమ కంపెనీ కంప్యూటర్ల ప్రచారం కోసం ఆర్పానెట్‌లో ఉన్న దాదాపు 400 మందికి ఒకేసారి ఉత్తరం పంపాడు. తొలి స్పామ్ అదేనని చెబుతారు. తపాలా బిళ్ళ ఖర్చు లేకుండా వందల మందికి ఉత్తరం పంపవచ్చని అప్పుడే తెలిసిపోయింది.

జల్లెడ ఎలా పనిచేస్తుందో మన ఊరి పిల్లలకు సులువుగానే అర్థమవుతుంది. నింపురా యార్డులో ఏ వ్యాగన్ ఏ లైన్‌లోకి పోవాలో చూసి విడదీస్తారు కదా, సర్వర్ కూడా వచ్చిన ప్రతి ఉత్తరాన్ని అలాగే విడదీస్తుంది. స్పామ్‌అసాసిన్ అనే ఉచిత ప్రోగ్రామునే తీసుకుందాం. 2001 నుంచి ఎన్నో సర్వర్లు దీన్ని వాడుతున్నాయి. అనుమానం కలిగించే ప్రతి లక్షణానికీ అది కొన్ని మార్కులు వేస్తుంది. మామూలుగా మొత్తం 5 మార్కులకు చేరితే అది చెత్త ఉత్తరమని ముద్ర వేస్తుంది. పరీక్షలో మార్కులు ఎక్కువ వస్తే సంతోషిస్తాం, ఇక్కడ మాత్రం ఎక్కువ వస్తే ప్రమాదం!

ఈ నియమాలతో పాటు నేర్చుకునే భాగం ఒకటి ఉంది. దానికి మూలం థామస్ బేయస్ అనే ఇంగ్లండు మతబోధకుడు సంభావ్యత గురించి రాసిన వ్యాసం. ఆయన మరణించాక 1763లో అది అచ్చయింది. ఆ లెక్కను మనం తరగతిలో చేయవచ్చు. మన దగ్గర 100 చెత్త ఉత్తరాలు, 100 మంచి ఉత్తరాలు ఉన్నాయనుకుందాం. "బహుమతి" అనే మాట చెత్తవాటిలో 40 చోట్ల, మంచివాటిలో 10 చోట్ల ఉందనుకుందాం. ఆ మాట ఉన్న 50 ఉత్తరాలలో 40 చెత్తవే. కాబట్టి ఆ మాట కనబడితే అది చెత్త ఉత్తరం కావడానికి 80 శాతం అవకాశం ఉంది. మరి మన పాఠశాల బహుమతి ప్రదానోత్సవం ఆహ్వానం సంగతి ఏమిటి? అందులో "ప్రిన్సిపాల్", "వార్షికోత్సవం", "తల్లిదండ్రులు" వంటి మాటలూ ఉంటాయి. అవి మంచి ఉత్తరాలలో వచ్చే మాటలని జల్లెడకు ముందే తెలిసి ఉంటే ఆహ్వానం బతికిపోతుంది. తెలియకపోతే చెత్తబుట్టలో పడుతుంది.

అందుకే ఈ ప్రోగ్రాముకు రెండు రకాల పాఠాలు కావాలి. కనీసం 200 చెత్త ఉత్తరాలు, 200 మంచి ఉత్తరాలు చూపించేదాకా దానిలోని నేర్చుకునే భాగం మామూలుగా పని మొదలుపెట్టదు. చాలామంది చెత్తను మాత్రమే చూపిస్తారు. దొంగల ఫోటోలు మాత్రమే చూసిన కాపలాదారుకు ఇంటివాళ్ళు ఎలా తెలుస్తారు?

తెలుగు కష్టం ఇక్కడే మొదలవుతుంది. ఇలాంటి జల్లెడలు సాధారణంగా మాటలను లెక్కపెడతాయి. ఇంగ్లీషులో "స్కూల్" అనే మాటకు ముందు ఏ మాట వచ్చినా అది మారదు. తెలుగులో బడి, బడికి, బడిలో, బడినుంచి అంటాం. మనకు అది ఒకే మాట, మాటలను విడివిడిగా లెక్కపెట్టే యంత్రానికి నాలుగు మాటలు. కాబట్టి తెలుగు నేర్పడానికి ఎక్కువ ఉత్తరాలు కావాలి. దీనికి తోడు మనలో చాలామందిమి తెలుగును ఇంగ్లీషు అక్షరాలలో రాస్తాం, ఒక్కొక్కరిది ఒక్కో స్పెల్లింగు. పైగా ఖరగ్‌పూర్ తెలుగులో బెంగాలీ, హిందీ మాటలు పాలలో నీళ్ళలా కలిసి ఉంటాయి. ఈ భాష మన గోల్‌బజార్‌లో, మథురాకాటిలో వినిపిస్తుంది కానీ ఎక్కడో దూరాన తయారైన జల్లెడకు ఎలా తెలుస్తుంది?

ఇంకో ఉదాహరణ చూడండి. "రైల్వే ఉద్యోగం" అనే మాటలు మోసపు ఉత్తరాలలో తరచుగా వస్తాయి. డబ్బు కడితే ఉద్యోగం ఇప్పిస్తామని, దొంగ నియామక పత్రాలు పంపి అమాయకులను ముంచేవారున్నారు. మరో ఊరిలో ఆ మాటలున్న ఉత్తరాన్ని ఆపేస్తే పెద్ద నష్టం లేకపోవచ్చు. మన ఊరి పుట్టుకే రైల్వేతో. మన తాతముత్తాతలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చింది రైలు పని కోసమే. పింఛను కాగితాలు, క్వార్టర్ల ఉత్తరాలు, వర్క్‌షాపు అప్రెంటిస్ ప్రకటనలు, అన్నింటిలోనూ "రైల్వే" ఉంటుంది. మన జల్లెడ ఆ మాటను చూసి భయపడకూడదు, దాని పక్కన ఏమున్నదో చూడడం నేర్చుకోవాలి.

మంచి ఉత్తరం పోవడం, చెత్త ఉత్తరం రావడం - ఈ రెండింటిలో ఏది పెద్ద నష్టం? చెత్త ఉత్తరం వస్తే ఒక క్షణంలో తీసేయవచ్చు. పరీక్ష హాల్ టికెట్ సమాచారం, రిటైరైన తాతయ్యకు రావలసిన పింఛను ఉత్తరం చెత్తబుట్టలో పడితే అది పోయిందన్న సంగతే తెలియదు. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు మనమంతా సంతోషించాం. తెలుగులో వచ్చిన ఉత్తరాన్ని యంత్రం గుమ్మంలోనే ఆపేస్తే ఆ సంతోషం కాగితం మీదే మిగిలిపోతుంది.

"పెద్ద కంపెనీలు అన్నీ చూసుకుంటాయి, మనకెందుకు?" అని కొందరు అంటారు. వారి మాటలో కొంత నిజం ఉంది. వారి జల్లెడలు చాలా తెలివైనవి. కానీ అవి కూడా మనం నొక్కే "స్పామ్", "నాట్ స్పామ్" బటన్ల నుంచే పాఠాలు నేర్చుకుంటాయి. బటన్ నొక్కని భాష వాటికి సరిగా అందదు. తప్పుగా నొక్కితే తప్పు పాఠమే అందుతుంది. నచ్చని ఉత్తరాన్ని, మనమే పేరిచ్చి తెప్పించుకున్న పత్రికను స్పామ్ అనడం అలాంటి తప్పే.

కాబట్టి మేము కోరేది ఇది. సొంత మెయిల్ సర్వర్ ఉన్న సంస్థలు అనుమానపు ఉత్తరాలను వెంటనే చెరిపివేయకుండా కొన్ని వారాలు వేరే పెట్టెలో ఉంచాలి. తెలుగు, బెంగాలీ, హిందీ చదవగలిగిన వారు వారానికి ఒకసారి ఆ పెట్టె చూసి, మంచివాటిని మంచివని, చెత్తవాటిని చెత్తవని జల్లెడకు చూపించాలి. పాఠానికి వాడే ఉత్తరాలు సొంతదారుల అనుమతితోనే ఇవ్వాలి. ఇతరుల ఉత్తరాలు చదవడం తప్పు. మన తెలుగు సంఘాలు సభ్యులకు ఉత్తరాలు పంపేటప్పుడు ఎస్‌పీఎఫ్, డీకిమ్ అనే గుర్తింపులు పెట్టించుకోవాలి. ఇవి ఉత్తరం నిజంగా ఆ చిరునామా నుంచే వచ్చిందా అని అవతలి సర్వర్ సరిచూసుకోవడానికి ఉపయోగపడతాయి.

మిత్రులారా, మనం చేయగలిగిన పని కూడా ఉంది. వారానికి ఐదు నిమిషాలు అమ్మానాన్నల పక్కన, తాతయ్య పక్కన కూర్చుని వారి స్పామ్ పెట్టెను వారితో కలిసి చూద్దాం. మంచి ఉత్తరం ఉంటే బయటకు తీద్దాం. జల్లెడను దాటి వచ్చిన ఉత్తరమైనా సరే, డబ్బు అడిగితే నమ్మవద్దని చెబుదాం. ఉద్యోగ ప్రకటనను రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు అధికారిక వెబ్‌సైట్‌లో సరిచూసి చూపిద్దాం. యంత్రం ఎంత తెలివైనదైనా దానికి గురువు మనిషే. ఖరగ్‌పూర్ తెలుగు దానికి రావాలంటే ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళమే నేర్పాలి.